గుంటూరులో పాత పొగాకు గోదాము: కూల్చకుండా వాడుకలోకి తెచ్చిన తీరు

గుంటూరు పాత పట్టణంలో మా కుటుంబానికి ఉన్న పొగాకు గోదామును కూల్చి అపార్ట్‌మెంట్లు కట్టాలా, లేక దానినే బాగుచేసి మరో పనికి వాడుకోవాలా అన్న ప్రశ్న మా ఇంట్లో కొన్నేళ్లపాటు నానింది. చివరికి రెండో మార్గమే ఖాయమైంది. నేను సివిల్ ఇంజినీరును కావడం వల్ల బాబాయిలు, పెదనాన్న కలిసి ఆ బాధ్యతను నా మీద పెట్టారు. అప్పటిదాకా నేను చేసినదంతా కాంక్రీటు పనే. ఇటుక, సున్నం, టేకు కలిసిన కట్టడం మీద చేయి వేయడం అదే మొదలు. ఇటువంటి గోదాములు, మిల్లులు తెనాలి, చీరాల, ఒంగోలు, కాకినాడ వంటి ఊళ్లలో ఇంకా నిలిచి ఉన్నాయి కనుక, వాటి యజమానులకు, వాటిపై పనిచేయబోయే ఇంజినీర్లకు ఉపయోగపడుతుందని ఈ అనుభవాన్ని రాస్తున్నాను. ముందే ఒక మాట చెప్పాలి. ఈ పనిలో మేము కొత్తగా చేర్చినది కొద్దే. ఆ గోదామును కట్టినవాళ్లకూ మాకూ మధ్య కాలంలో వచ్చిన మరమ్మతులను ఒక్కొక్కటిగా ఊడదీయడానికే మా శ్రమలో ఎక్కువ భాగం పోయింది.

గోదామును మా ముత్తాతగారు 1930లలో కట్టించారు. గుంటూరు ప్రాంతంలో వర్జీనియా పొగాకు సాగు 1920లలో వేళ్లూనుకున్న తరువాత, ఆకును గ్రేడు కట్టడానికీ నిల్వ చేయడానికీ పట్టణంలో వరుసగా వెలసిన కట్టడాలలో అదొకటి. పొడవు సుమారు 130 అడుగులు, వెడల్పు 36 అడుగులు, గోడల మందం అడుగున్నర. ప్రతి 12 అడుగులకూ గోడ వెలుపల ఒక ఇటుక స్తంభం పొడుచుకువచ్చి ఉంటుంది, దాని నెత్తిన రంగూన్ టేకు ట్రస్సు, అంటే పైకప్పును మోసే ముక్కోణపు చట్రం, కూర్చుని ఉంటుంది. పైకప్పు బంగళా పెంకులు, నేల నాపరాళ్లు. కిటికీలు తల ఎత్తి చూడవలసినంత పైన, అందులోనూ ఉత్తరపు గోడకే ఎక్కువగా ఉన్నాయి. ఆకు గ్రేడును రంగు చూసి నిర్ణయించాలి. సూటిగా పడే ఎండలో పసుపుకూ నారింజకూ తేడా తెలియదు, ఉత్తరపు వెలుతురులో తెలుస్తుంది. వరుసలుగా కూర్చుని ఆకు ఏరిన ఆడకూలీల కోసం ఏర్పాటైన ఆ వెలుతురే, ఇన్నేళ్ల తరువాత ఆ హాలును చదువుకునే చోటుగా మార్చవచ్చన్న ఆలోచనకు మూలమైంది.

పొగాకు బోర్డు 1976లో గుంటూరు కేంద్రంగా ఏర్పడింది. 1980ల మధ్యలో వేలం కేంద్రాలు వచ్చాయి. సాగు క్రమంగా నల్లరేగడి నుంచి ప్రకాశం వైపు తేలిక నేలలకు జరిగింది. పట్టణం నడిబొడ్డున ఉన్న మా గోదాము వంటివాటి అవసరం తగ్గిపోయింది. ఆ తరువాత దానిని ఎరువుల బస్తాలకు, కొంతకాలం సిమెంటు నిల్వకు, చివరికి పాత లారీ టైర్లకు అద్దెకిచ్చాం.

బాగుచేద్దామన్న నిర్ణయానికి రావడానికి ముందు రెండు లెక్కలు మా ముందుకు వచ్చాయి. అప్పు కోసం వెళ్లినప్పుడు బ్యాంకు తరఫున వచ్చిన విలువ కట్టే ఇంజినీరు స్థలానికి కోట్లలో విలువ రాసి, కట్టడానికి ఏమీ రాయలేదు. పాతబడి ఆయుర్దాయం తీరిన నిర్మాణం కనుక విలువ శూన్యమని నివేదిక ఇచ్చారు. మరుసటి వారమే పాత సామాను కొనే వ్యాపారి ఒకాయన వచ్చి, టేకు దూలాలు, ఇటుక, నాపరాళ్లు తాను తీసుకుని, కూల్చే ఖర్చు తానే పెట్టుకుని, పైగా మాకు చెప్పుకోదగ్గ మొత్తం ఇస్తానన్నారు. నిలబడి ఉన్నప్పుడు విలువలేని కట్టడానికి కూలిన తరువాత విలువ రావడంలోని అసంబద్ధత మా పెదనాన్నకు వెంటనే తట్టింది. కూల్చివేతను గట్టిగా కోరిన ఆయన అప్పటినుంచి కొంత మెత్తబడ్డారు.

ఇతర ఊళ్ల ఉదాహరణలు కూడా చర్చకు వచ్చాయి. వరంగల్లులో 1934లో మొదలైన అజంజాహీ బట్టల మిల్లు మూతపడ్డాక ఆ ఆవరణ ప్లాట్లుగా మారింది, కట్టడాలలో చాలా భాగం మిగలలేదు. కొచ్చి నగరంలోని ఫోర్ట్ కొచ్చి ప్రాంతంలో 1867 నాటి వర్తక సంస్థకు చెందిన ఆస్పిన్‌వాల్ హౌస్ 2012 నుంచి కళా ప్రదర్శనలకు వేదికైంది. అమెరికాలో ఉంటున్న మా తమ్ముడు నార్త్ కరోలినాలోని డర్హం గురించి చెప్పాడు. మన వర్జీనియా పొగాకు జాతికి పుట్టిల్లయిన ఆ ప్రాంతంలో, 1987లో మూతపడిన అమెరికన్ టొబాకో ఇటుక కర్మాగారాలను 2004 నుంచి కార్యాలయాలుగా, భోజనశాలలుగా వాడుతున్నారు. లక్కీ స్ట్రైక్ అన్న సిగరెట్ల పేరు రాసి ఉన్న పొగగొట్టాన్ని అలాగే ఉంచారు. అయితే ఈ పోలికను నేను అంత తేలికగా ఒప్పుకోలేదు. అక్కడ చారిత్రక కట్టడంగా గుర్తింపు పొందినదానిని నిర్దేశించిన ప్రమాణాల మేరకు పునరుద్ధరిస్తే, ఖర్చులో 20 శాతం మేర యజమాని కట్టవలసిన కేంద్ర పన్నులోంచి తగ్గిస్తారు. మా గోదాము ఏ వారసత్వ జాబితాలోనూ లేదు, మాకు అటువంటి ఆసరా ఏదీ లేదు. కనుక అది తన ఖర్చును తానే సంపాదించుకోవాలి.

సంపాదన అనగానే ఇంట్లో అందరి నోటా వచ్చిన మాట ఫంక్షన్ హాలు. గుంటూరులో పెళ్లిళ్ల హాలుకు ఉన్న గిరాకీ నాకూ తెలుసు. కానీ ఫంక్షన్ హాలు అంటే ఏసీ, ఏసీ అంటే కిటికీల మూత, పెంకుల కింద ఫాల్స్ సీలింగ్, వెనుక పెద్ద వంటశాల, ఒక్క పూటలో వందల కార్లు. కిటికీలు మూసి సీలింగ్ కొడితే టేకు కప్పు కంటికి కనిపించదు, దానికి గాలి తగలదు. చెద పట్టినా కప్పు జారేదాకా ఎవరికీ తెలియదు. కార్లు నిలపడానికి చోటే లేదు. ఈ కారణాలను కాగితం మీద పెట్టి, బదులుగా మూడు వాడకాలు సూచించాను: ఉత్తరపు కిటికీల వైపు పోటీ పరీక్షల విద్యార్థులకు రుసుముతో నడిచే పఠనశాల, వీధి వైపు చేనేత వస్త్రాల అమ్మకానికి అద్దె స్థలం, మిగిలిన మధ్య భాగంలో సభలకు, నాటక ప్రదర్శనలకు ఇచ్చే హాలు. పెళ్లిళ్లంత రాబడి ఉండదు. కానీ కట్టడం స్వభావాన్ని మార్చకుండా ఇముడ్చుకోగల పనులు ఇవే. బాబాయి ఒకరు చివరిదాకా ఒప్పుకోలేదు, సంతకం మాత్రం పెట్టారు.

పని మొదలుపెట్టే ముందు ఒక పూర్తి సంవత్సరం కేవలం పరిశీలనకే కేటాయించాం. ఇది చాలామందికి వృథాగా తోచింది. నైరుతి మూలలో గోడ పైనుంచి కిందికి మెట్లు మెట్లుగా పగిలి ఉంది. ఆ పగులు పెరుగుతోందా, ఆగిపోయిందా అన్నది తెలియకుండా దానిని పూడ్చడం అనవసరం. గుంటూరు నేల నల్లరేగడి. వానకు ఉబ్బి, ఎండకు ముడుచుకుని నెర్రెలు విడుస్తుంది. పగులుకు అడ్డంగా సన్నని గాజు పలకలను అతికించి, పక్కనే రెండు మేకులు దిగవేసి వాటి మధ్య దూరాన్ని కొలుస్తూ వచ్చాం. వేసవిలో పగులు విచ్చుకోవడం, వానలు నిలదొక్కుకున్నాక దగ్గరపడటం స్పష్టంగా కనిపించింది. అంటే పునాది కుంగిపోవడం లేదు, ఋతువులతోపాటు కదులుతోంది. ఆ మూలకు పది అడుగుల దూరంలో పెద్ద వేపచెట్టు ఉంది. ఎండాకాలంలో అది నేలలోని తేమను లాగేస్తున్నందున అక్కడి మట్టి మిగతా చోట్లకంటే ఎక్కువగా ముడుచుకుపోతోంది. చూసినవారందరూ చెట్టు కొట్టేయమన్నారు. రేగడిలో అలా చేస్తే, ఏళ్లుగా ఎండిన మట్టి తేమను తిరిగి పీల్చుకుని ఉబ్బి, గోడను ఇంకో వైపు ఎత్తే ప్రమాదం ఉంది. అందుకని చెట్టును ఉంచి, కొమ్మలను ఏటా తగ్గిస్తూ, చెట్టుకూ గోడకూ మధ్య లోతైన కందకం తవ్వి వేర్లు రాకుండా కాంక్రీటు అడ్డు నిలిపాం. గోడల సందుల్లో మొలిచిన రావి మొక్కల సంగతి వేరు. వాటిని పైపైన కోస్తే మళ్లీ చిగురిస్తాయి. వేరు పోయినంత మేర ఇటుకలు విప్పి, వేరు తీసి, మళ్లీ కట్టడం తప్ప దారి లేదు.

పరిశీలనలో బయటపడిన రెండో సంగతి రోడ్డు ఎత్తు. పాత ఫోటోలో గోదాము గుమ్మానికి మూడు మెట్లు ఉన్నాయి. ఇప్పుడు గోదాము నేల రోడ్డుకంటే దిగువన ఉంది. రోడ్డు వేసిన ప్రతిసారీ పాతదానిని చెక్కకుండా దానిమీదే కొత్త పొర పరచడం వల్ల వీధి ఎత్తు పెరుగుతూ పోయింది, ఆవరణలోనూ దానికి సరిపడా మట్టి పోస్తూ వచ్చారు. కట్టడం పీఠం పూర్తిగా భూమిలో కలిసిపోయింది. గోడలోకి చెమ్మ ఎక్కడానికి అసలు కారణం అదే. దానికి ఎవరో 1980లలో కనిపెట్టిన మందు, గోడ అడుగు భాగాన్ని లోపలా బయటా నాలుగడుగుల ఎత్తున సిమెంటుతో పూయడం. కింద నుంచి ఎక్కిన చెమ్మ బయటకు ఆరే దారి లేక ఆ సిమెంటు పొర వెనుకనుంచి ఇంకా పైకి పాకింది. తనతో తెచ్చిన ఉప్పును సిమెంటు అంచు దాటిన చోట వదిలింది. అక్కడ ఇటుక వేలితో గీరితే పిండిలా రాలుతోంది.

కాబట్టి మొదటి పని ఆ పూతను తీయడం. బ్రేకరు యంత్రం వాడితే సిమెంటుతో పాటు ఇటుక ముఖం కూడా ఊడివస్తుందని ఒక మూల ప్రయత్నంలోనే తేలింది. అప్పటినుంచి సన్న ఉలి, చిన్న సుత్తితో మనుషులే చేశారు. దర్జులలో, అంటే ఇటుకల మధ్య అతుకుల్లో, కూరిన సిమెంటును కూడా అంగుళం లోతు వరకు అలాగే తీశాం. ఆవరణలో పోసిన మట్టిని గోడ వెంట తొలగించి, పీఠం మళ్లీ బయటపడేలా చేసి, గోడ పొడవునా కంకర నింపిన కాలువ తవ్వి, దానిలో చిల్లుల గొట్టం వేసి, నీటిని ఆవరణ చివరి ఇంకుడు గుంతకు మళ్లించాం. ఆ తరువాత గోడను మరో వేసవి అలాగే ఆరనిచ్చాం. ఉప్పు పొంగిన చోట తెల్లని పొడిని పొడిగానే కుంచెతో దులిపి, కాగితపు గుజ్జును తడిపి గోడకు పట్టించి, అది ఉప్పును పీల్చుకుని ఎండాక తీసేసి, మళ్లీ పట్టించాం. నీళ్లతో కడిగితే ఉప్పు కరిగి మళ్లీ లోపలికే పోతుంది. ఈ చిన్న సూత్రం తెలియక ఎన్ని గోడలను కడిగి పాడుచేస్తున్నామో!

సున్నం కోసం పిడుగురాళ్ల వెళ్లాం. పల్నాడు సున్నపురాయి కాల్చే బట్టీలకు ఆ ఊరు పేరుపొందినదే కనుక సరుకు దొరకడం కష్టం కాలేదు. దానితో గోడ కట్టడం తెలిసిన మనుషులు దొరకడమే కష్టమైంది. ఆ చుట్టుపక్కల గుళ్ల మరమ్మతులలో పనిచేసిన పెద్దవయసు మేస్త్రీ ఒకరు ఒప్పుకుని వచ్చారు, ఆయన వెంట మరో ఇద్దరు. పిడుగురాళ్ల సున్నం చాలా శుద్ధమైనది. సున్నం పూతకు, పరిశ్రమలకు అది మంచి గుణమే గాని, గోడకట్టుకు ఒంటరిగా చాలదు. అలాంటి సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని మాత్రమే గట్టిపడుతుంది. అడుగున్నర గోడ లోపలికి ఆ గాలి చేరడానికి ఏళ్లు పడుతుంది. అందుకే పాతవాళ్లు సుర్కి, అంటే ఇటుక పొడి కలిపేవారు. సుర్కికి బాగా కాలిన ఎర్ర ఇటుక పనికిరాదు, సగం కాలిన ఇటుక కావాలి. తక్కువ వేడిలో కాలిన బంకమన్ను సున్నంతో కలిసి తడిలో కూడా గట్టిపడుతుంది, ఎక్కువ కాలితే ఆ గుణం పోతుంది. బట్టీవారు పక్కన పడేసే లేత ఇటుకను మేము కొంటామంటే వాళ్లు మమ్మల్ని వింతగా చూశారు.

కాల్చిన సున్నపురాయిని గుంతల్లో నీటితో విరియబెట్టి, జల్లెడ పట్టి, నెలకు పైగా నీటి కిందే మాగనిచ్చాం. తరువాత ఒక పాలు సున్నం, ఒక పాలు సుర్కి, ఒకటిన్నర పాళ్ల కృష్ణ ఇసుక కలిపి గానుగలో ఆడించాం. ఎద్దుల గానుగ కాదు, మోటారు రాతిచక్రాల యంత్రమే. కరక్కాయ, బెల్లం ఊరవేసిన నీటి గురించి, కోడిగుడ్ల సొన గురించి బయట చాలా కథలు వినిపిస్తాయి. మేస్త్రీ గారు ఒక్క నునుపు పూతకే కరక్కాయ బెల్లం నీరు వాడారు. గోడకట్టుకు వాటి అవసరం లేదని ఆయన అభిప్రాయం, నాదీ అదే. మాగిన సున్నం, సరైన సుర్కి, తడి కాపాడటం అన్నవి కుదిరితే మిగిలిన దినుసుల ప్రసక్తి రాదు. ఆయన కుర్రవాళ్లను కోప్పడ్డది ఒక్క విషయంలోనే.

"గోడకు ముందు నీళ్లు తాగించండిరా. దాహంగా ఉన్న ఇటుక సున్నంలో తడి లాక్కుంటే రేపటికి అది పొడే," అనేవారు. నా వైపు తిరిగి, "మీరు నెల తరవాత వచ్చి చూడండమ్మా, అప్పుడు మాట్లాడండి," అనేవారు. కాంక్రీటుకు ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు బలం లెక్కపెట్టే అలవాటున్న నాకు ఆ షరతు మింగుడుపడటానికి సమయం పట్టింది. పూసిన చోటల్లా తడి గోనెపట్టాలు వేలాడదీయడమే కొన్నాళ్లు ఇద్దరు మనుషుల పని.

పాడైన ఇటుకల స్థానంలో కొత్తవి పెట్టవలసి వచ్చినప్పుడు కొలతలు కలవలేదు. అదృష్టవశాత్తు అదే ఆవరణలో, అదే కాలపు ప్రహరీ గోడ ఒకటి ఒరిగి ఉంది. దానిని విప్పి ఆ ఇటుకనే వాడాం. కొన్నింటిని ప్రయోగశాలలో పరీక్షింపజేస్తే వాటి బలం నేటి మధ్యరకం ఇటుకకు దగ్గరగా వచ్చింది. గోడ మందం ఎక్కువ కనుక అది చాలినంత. ఇటుక ముఖాలను ఇసుక చిమ్మి శుభ్రం చేస్తామని ఒక గుత్తేదారు వచ్చారు. బట్టీలో మంట తగిలి ఏర్పడిన గట్టి పైపొర ఆ దెబ్బకు పోతుంది, లోపలి మెత్తని భాగం వానకు బయటపడుతుంది. మెత్తని కుంచె, తక్కువ ఒత్తిడి నీటితోనే సరిపెట్టాం. లోపలి గోడలను కూడా గీకి ఎర్రటి ఇటుక కనబడేలా చేయమని సలహా ఇచ్చినవారికి కొదవ లేదు. ఈనాటి కాఫీ హోటళ్ల చలవ అది. కానీ మా గోదాము లోపలి గోడలకు మొదటినుంచీ సున్నం పూత ఉంది. పూత వేయబోతున్నారని తెలిసే కట్టినవాళ్లు లోపలి వరుసలలో వంకర ఇటుకలు వాడారు. ఆ పూతను గీకేస్తే కనిపించేది పాతదనం కాదు, ఎవరికీ చూపించాలని అనుకోని అడుగుభాగం. వెలుతురు కూడా సగానికి సగం తగ్గిపోతుంది. కనుక లోపల తెల్లని సున్నమే వేశాం.

పైకప్పు విషయంలో 1977 నవంబరు తుపాను ముందు, తరువాత అని రెండు చరిత్రలు ఉన్నాయి. ఆ గాలికి తూర్పు చివర మూడు అంకణాల (ట్రస్సుకూ ట్రస్సుకూ మధ్య ఉండే చోటు ఒక అంకణం) మేర పెంకులు లేచిపోయాయని, వాటి స్థానంలో సిమెంటు రేకులు వేయించారని పెదనాన్న చెప్పారు. ఆ రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. పగలకొట్టి కిందికి విసరడం మన దగ్గర మామూలే గాని, ఆ పీచు ధూళి ఊపిరితిత్తులలో చేరితే దశాబ్దాల తరువాత ప్రాణాంతకమవుతుంది. రేకులను తడిపి, బోల్టులు విప్పి, విరగకుండా దించి, ప్లాస్టిక్ షీట్లలో చుట్టి, ప్రమాదకర వ్యర్థాలను తీసుకునే కేంద్రానికి పంపాం. పాత దూలాల మీద వేలి మందాన పేరుకున్న పొగాకు ధూళికి కూడా ముఖ కవచాలు తప్పలేదు. మొదటి వారంలో ఇద్దరు పనివాళ్లకు తలతిరుగుడు, వాంతులు వచ్చాక వాక్యూమ్ యంత్రం తెప్పించాం.

ట్రస్సులు నడుమ భాగంలో చెక్కుచెదరలేదు. చెడింది గోడలోకి దిగిన కొసలే. సుత్తితో తట్టి చప్పుడు విన్నాక, అనుమానం ఉన్న చోట సన్నని బరమాతో తొలిచి, పొట్టు రంగును, బరమా దిగే వేగాన్ని చూసి ఎక్కడిదాకా కోయాలో గుర్తు పెట్టుకున్నాం. వానలో కారిన గోడ సందుల్లో కొసలు కుళ్లిన చోట ట్రస్సును ఆసరా గుంజలమీద ఎత్తి, చెడ్డ ముక్కను ఏటవాలుగా కోసి, పాత టేకు ముక్కనే అతికి, ఇరువైపులా ఉక్కు పలకలతో బోల్టులు బిగించాం. ఇప్పుడు కొసల చుట్టూ ఖాళీ వదిలి గాలి ఆడేలా ఉంచాం. పెంకులలో పగలనివన్నీ మళ్లీ ఎక్కాయి. మిగిలిన మేరకు అదే కొలత పాత పెంకులు కూల్చివేతలలో వెదికి కొన్నాం. వాటి కింద చెక్క పరుపు, మధ్యలో వేడిని అడ్డుకునే పొర వేశాం. మా పక్కనే ఉన్న విజయవాడ ప్రాంతానికి, కట్టడాల మీద గాలి బరువును లెక్కకట్టే భారతీయ ప్రమాణ పత్రం సూచించే గాలి వేగం సెకనుకు 50 మీటర్లు. అందుకని చూరు వెంట, వెన్ను వెంట ఉన్న వరుసల పెంకులన్నింటినీ తుప్పు పట్టని తీగతో రీపర్లకు, అంటే పెంకుల కింది సన్నని చెక్క పట్టీలకు, కట్టించాం.

గాలి కంటే నన్ను ఎక్కువ భయపెట్టింది భూకంపం. 130 అడుగుల గోడ మధ్యలో అడ్డుగోడ ఒక్కటీ లేదు. గుంటూరు మేము పనిచేసిన నాటి భూకంప ముప్పు పటంలో మధ్యస్థ ముప్పు ఉన్న మూడో జోన్‌లో ఉంది. 1967లో ఒంగోలు దగ్గర వచ్చిన భూకంపం ఈ ప్రాంతపు పెద్దలకు గుర్తుంది. భూమి అడ్డంగా ఊగితే అంత పొడుగు గోడ కప్పునుంచి విడిపోయి బయటికి వాలుతుంది. చూరు మట్టంలో గోడ లోపలివైపు చుట్టూ ఉక్కు చానల్‌ను పట్టీలా బిగించి, ప్రతి ట్రస్సు కొసను దానికి కట్టి, ట్రస్సుల మధ్య ఐమూల ఉక్కు కడ్డీలు వేసి కప్పును ఒకే పలకలా పనిచేయించాం. కొందరు సూచించినట్లు గోడకు ఇరువైపులా ఇనుప వలవేసి సిమెంటు పూస్తే బలం వస్తుంది గాని, మేము కష్టపడి తీసిన పొరనే మళ్లీ వేసినట్లవుతుంది. ఉక్కు పట్టీ బోల్టులు విప్పితే ఊడివస్తుంది. రేపు ఎవరికైనా మెరుగైన ఉపాయం తోస్తే దీనిని తీసేయవచ్చు.

గోదాముకు ఉన్న తలుపులు రెండే, అవీ ఒకే వైపు. జనం చేరే హాలుకు బయటి దారులు ఒకదానికొకటి దూరంగా ఉండాలని అగ్నిమాపక నిబంధన. ఉత్తరపు గోడలో రెండు కొత్త తలుపులు కోయవలసి వచ్చింది. గోడకు పై భాగంలో రంధ్రాలు చేసి, వాటి గుండా ఉక్కు దూలాలు దూర్చి, రెండు వైపులా గుంజలతో ఎత్తిపట్టి, పైన ఉన్న బరువు వాటిమీదకు వచ్చాకనే కింద ఇటుక విప్పాం. లింటెల్‌ను, అంటే తలుపు పైన గోడ బరువు మోసే అడ్డదూలాన్ని, కూడా గోడ మందంలో సగం మొదట, మిగతా సగం అది కుదురుకున్నాక పెట్టాం. తలుపు కోయడమన్న చిన్న మాటకు ఇంత తతంగం ఉంది. పఠనశాలలో పై అంతస్తు కావాలని కోరినప్పుడు దాని బరువును పాత గోడమీద వేయడానికి ఒప్పుకోలేదు. విడిగా ఉక్కు స్తంభాలు నిలిపి, గోడకు అరచేతి ఎడం వదిలాం. వాటి పునాదులు రేగడి కదిలే లోతు దాటి, అడుగున గిన్నెలా విప్పారే అండర్ రీమ్డ్ పైళ్లు, అంటే నేలలోకి లోతుగా దించిన కాంక్రీటు కంబాలు. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ ఇటువంటి నేలల కోసమే ఈ పద్ధతిని అభివృద్ధి చేసింది.

అనుమతుల గురించి క్లుప్తంగా చెబుతాను. కొత్త నిర్మాణానికి దరఖాస్తు పెట్టే విధానం సిద్ధంగా ఉంటుంది, ఉన్న కట్టడం వాడకం మార్చడానికి మాత్రం ప్రతి అడుగులోనూ వివరణ ఇచ్చుకోవాలి. రోడ్డు వైపు వదలవలసిన ఖాళీ స్థలం మా కట్టడానికి లేదు, నిబంధనలు రాకముందు కట్టినది కనుక ఉండదు కూడా. కొలతల చిత్రాలు, పాత పన్ను రసీదులు, నిర్మాణ భద్రతపై నా సంతకం కాక మరో నిపుణుడి ధ్రువపత్రం జతచేశాక దస్త్రం కదిలింది. పాత పన్ను రసీదులను ఎవరూ పారేయకండి. కట్టడం వయసుకు మా దగ్గర ఉన్న గట్టి సాక్ష్యం అవే.

గుత్తేదారుతో ఒప్పందం ఎలా రాసుకోవాలన్నది ఇటువంటి పనుల్లో చాలా ముఖ్యం. పనంతటికీ కలిపి ఒకే మొత్తానికి గుత్త ఇస్తే, పూత వెనుక ఏముందో తెలియని గుత్తేదారు భయపడి రెట్టింపు అడుగుతాడు, లేదా తక్కువకు ఒప్పుకుని పాడైన ఇటుకను దాచి పూసేస్తాడు. మేము ఉక్కు పనికి, పైళ్లకు, విద్యుత్తుకు కొలతల మీద రేట్లు రాసుకున్నాం. సున్నం పనికి, ఇటుక విప్పి కట్టడానికి రోజు కూలి ఇచ్చాం. మొత్తం ఖర్చులో సగానికి పైగా కూలికే పోయింది, సామానుకు పోయింది తక్కువ. అంచనాలో నాలుగో వంతు అదనంగా తీసిపెట్టుకున్నాం. అది దాదాపు అంతా అయిపోయింది. అదే విస్తీర్ణంలో కొత్త కాంక్రీటు హాలు కట్టడానికి పట్టే ఖర్చుకంటే మాకు కొంచెం తక్కువే అయింది, కానీ సమయం దాదాపు రెట్టింపు పట్టింది. అప్పు వడ్డీని కూడా లెక్కలో వేస్తే ఆ తేడా చాలావరకు హరించుకుపోతుంది. పాతదానిని బాగుచేయడం ఎప్పుడూ చవక అని చెప్పేవారి మాటను నేను అందుకే సమర్థించలేను.

ఏసీ పెట్టలేదు. ఎత్తైన కిటికీలన్నింటినీ తెరుచుకునేలా చేసి, వెన్ను వెంట వేడి గాలి పోయే సందు ఉంచి, పెద్ద రెక్కల నిదాన ఫ్యాన్లు వేలాడదీశాం. ఏప్రిల్ దాకా పఠనశాల హాయిగా ఉంటుంది. మే నెలలో మధ్యాహ్నం కొన్ని గంటలు ఇబ్బందే, ఆ గంటలకు రుసుము తగ్గించాం. హాలులో మాట ప్రతిధ్వనించడం నాటకాలవారికి సమస్యైంది. మంగళగిరి నేత గుడ్డను మడతలుగా దక్షిణపు గోడకు కాస్త ఎడంగా వేలాడదీస్తే చాలావరకు తగ్గింది. గోడకు అంటించే ధ్వని పలకలు వద్దన్నాం, వాటి వెనుక మళ్లీ చెమ్మ చేరుతుంది.

అద్దె ఒప్పందాలలో కొన్ని షరతులు నేనే రాయించాను. గోడలకు, నేల అంచులకు సిమెంటు గాని, ప్లాస్టిక్ రంగు గాని, వాటర్‌ప్రూఫ్ పూత గాని ఎవరూ వేయకూడదు. మేకు కొట్టవలసి వస్తే దర్జులోనే కొట్టాలి, ఇటుకలో కొట్టకూడదు. ఏటా వానలకు ముందు కాలువ పూడిక తీయించడం, సంక్రాంతికి ముందు సున్నం వేయించడం యజమానుల బాధ్యత, అందుకోసం అద్దెలో ఒక వంతు విడి ఖాతాలో జమ కావాలి. చేనేత దుకాణంవారు బోర్డు వెనుక చెమ్మ మచ్చ కనిపించిందని నిరుడు కబురుపెట్టారు. వెళ్లి చూస్తే వీధిలో రోడ్డు మళ్లీ వేశారు, ఈసారి కూడా పాతదానిమీదే. ఆ నీరు మా ఆవరణలోకి దిగకుండా గుమ్మం ముందు అడ్డుకాలువ తవ్వించి, పైన ఇనుప జాలీ వేయించాం. ఖర్చు ఆ విడి ఖాతా నుంచే పెట్టాం.